పల్లపు నేలల దేశము – నెదర్లాండ్సు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము నెదర్లాండ్సు దేశము. మనలో పెక్కుమంది దానిని హాలెండు అని వ్యవహరింతురు. నిజమునకు ఆ దేశమందలి 12 రాష్ట్రములలో ఉత్తర హాలెండు, దక్షిణ హాలెండు అను రెండింటికి మాత్రమే ఆ పేరు చెల్లును. మన పూర్వులు ఆ జాతివారిని వలందులు అనిరి. మచిలీపట్టణములో వలందపాలెము అను పేట నేటికిని కలదు. కావున ఈ దేశము మనకు బొత్తిగా క్రొత్తది కాదు.

నేను కాలువల శాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నా కుమార్తె ఆ దేశమున ఉద్యోగము చేయుచుండుటచే రెండు పర్యాయములు అచ్చటికి పోయి వచ్చితిని. ఈనాడు మన గ్రామములనుండి కుమారులును కుమార్తెలును యూరపు ఖండమునకు పోయి స్థిరపడుచున్నారు. వారిని జూచుటకు పెద్దలును విమానమెక్కుచున్నారు. అట్లు పోవువారు ఏమి చూడవలయును, ఏ జాగ్రత్తలు గైకొనవలయును, చూచినదానినుండి ఏమి గ్రహింపవలయును అను మూడు సంగతులను మనవి చేసెదను.

నెదర్లాండ్సు అనగా పల్లపు నేలలు అని అర్థము. దేశ వైశాల్యము సుమారు 41,500 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి ఆంధ్రప్రదేశములో నాలుగవ వంతు. జనసంఖ్య ఇంచుమించు 1 కోటి 80 లక్షలు. రైను, మ్యూసు, షెల్టు అను మూడు నదులు అచ్చట సముద్రమున కలియును. మన కోనసీమయు దివిసీమయు ఎట్టివో ఆ దేశములో పెద్దభాగము అట్టిదే, నదులు తెచ్చిన ఒండ్రుతోను, బురదనేలతోను ఏర్పడినది. అయితే ఒక్క భేదము కలదు. దేశమున నాలుగవ వంతు భూమి సముద్రమట్టమునకు దిగువగా నున్నది. కట్టలు లేకుండినచో సగమునకు పైగా భూమికి ముంపు భయము తప్పదు.

ఈ సంగతి ప్రయాణికునకు దిగిన క్షణముననే అనుభవమునకు వచ్చును. ఆంస్టర్‌డాము నగరపు విమానాశ్రయమగు స్కిపోలు ఒకప్పటి చెరువు అడుగున నున్నది. అచ్చట హార్లెమ్మర్‌మేర్ అను మహాతటాకము ఉండెడిది. గాలి వీచినపుడెల్ల అది ఒడ్లను కోసి గ్రామములను మ్రింగుచుండెను. 1836లో వచ్చిన గాలివానలో దాని నీరు ఆంస్టర్‌డాము పొలిమేరల వరకు వచ్చెను. అంతట దానిని ఎండగట్టుటకు నిశ్చయించిరి. చుట్టును సుమారు 60 కిలోమీటర్ల పొడవున కట్టయు, కట్ట వెంబడి కాలువయు త్రవ్వి, మూడు పెద్ద ఆవిరి యంత్రములను నిలిపి, 1849 మొదలు 1852 వరకు రేయింబవళ్లు నీటిని తోడిరి. కాటన్ దొర ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్టను ముగించినదియు ఆ 1852వ సంవత్సరముననే. ఇచ్చట నీటిని పొలములకు ఎక్కించుటకు, అచ్చట నీటిని పొలములనుండి దించుటకు మనుష్యులు ఒకే కాలమున పాటుపడిరి. నాటి యంత్రములలో ఒకటగు క్రుకియుస్ యంత్రశాలను నేడు ప్రదర్శనశాలగా నుంచినారు. విమానాశ్రయమునకు అది సమీపముననే కలదు. మన వైపు కాలువలెరిగినవారు దానిని తప్పక చూడవలయును.

ఇట్లు కట్టకట్టి, నీరు తోడి సంపాదించిన నేలను వారు పోల్డరు అందురు. ఆవిరి యంత్రములు రాకపూర్వము ఈ పనిని గాలిమరలు చేసెడివి. ఒక గాలిమర నీటిని కొంత ఎత్తునకే ఎత్తగలదు. కనుక ఒకదాని వెనుక నొకటిగా మూడు నాలుగు మరలను వరుసగా నిలిపి, మెట్టుమెట్టుగా నీటిని పైకెత్తిరి. మన రైతులు అంచెలంచెలుగా ఏతాములు వేసి నీరు తోడినట్లే యని తలంపుడు. బేమ్‌స్టర్ అను సరస్సును నలుబదికి పైగా గాలిమరలతో తోడి 1612లో సాగుభూమి గావించిరి. అచ్చటి పొలములు నేటికిని చదరంగపు బల్లవలె తీర్చినట్లుండును. గాలిమరలను ఒక్కచోట చూడగోరువారు రాటర్‌డాము దగ్గరి కిండర్‌డైకునకు పోవలయును. 1740 ప్రాంతమున కట్టిన 19 మరలు అచ్చట కాలువల వెంబడి బారులు తీరి నిలిచియున్నవి. వానిలో కొన్నిటిలో నేటికిని కుటుంబములు కాపురమున్నవి.

ఇక చూడదగిన స్థలములను క్రమముగా చెప్పెదను. ఆంస్టర్‌డాము రాజధాని, అయినను ప్రభుత్వమును, శాసనసభలును హేగు నగరమున నున్నవి. ఆంస్టర్‌డామున 17వ శతాబ్దిలో త్రవ్విన కాలువలు నగరమును అర్ధచంద్రాకారముగా చుట్టియున్నవి. వాని ఒడ్డున ఇరుకై, ఎత్తయిన ఇండ్లు కలవు. మెట్లు నిచ్చెనలవలె నిలువుగా నుండుటచే సామానులను పై అంతస్తులకు త్రాటితో లాగుటకు ప్రతి ఇంటి నెత్తిమీద ఒక కొక్కెమును అమర్చిరి. మోకాళ్ల నొప్పులు గలవారు బస కుదుర్చుకొనునపుడు లిఫ్టు ఉన్నదా యని ముందే అడుగుట మేలు.

ఆ నగరమున రైక్స్ మ్యూజియము అను జాతీయ ప్రదర్శనశాలలో రెంబ్రాంట్ 1642లో రచించిన రాత్రి గస్తీ యను చిత్రమున్నది. వాన్ గో చిత్రములకు వేరుగా ఒక శాల కలదు. ఆనీ ఫ్రాంక్ అను యూదు బాలిక జర్మను సేనల భయమున రెండేండ్లకు పైగా దాగియుండి దినచర్య వ్రాసికొన్న ఇల్లు ఇంకొకటి. ఆ బాలిక 1945లో జర్మనీలోని నిర్బంధ శిబిరమున మరణించెను. ఆ ఇంటి టిక్కెట్లను వాకిట అమ్మరు. ముందుగా ఇంటర్నెట్టు ద్వారా కొనవలయును. హేగులో 1913లో తెరచిన శాంతి సౌధము కలదు. అంతర్జాతీయ న్యాయస్థానము అందే కొలువుదీరును. మన దేశీయులగు నాగేంద్రసింగు 1985 మొదలు 1988 వరకు దానికి అధ్యక్షులుగా నుండిరి. వసంతకాలమున పోవువారికి లిస్ గ్రామమందలి కోకెన్‌హాఫ్ తోట కన్నులపండువు. మార్చి నడుమనుండి మే నడుమ వరకు మాత్రమే తెరచియుండు ఆ తోటలో ఏటేట లక్షలకొలది ట్యూలిపు పువ్వులు పూయును.

మన తీరమునకును ఆ దేశమునకును గల సంబంధమును కన్నులార చూడవచ్చును. 1602లో స్థాపితమైన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లో మచిలీపట్టణమున వ్యాపారశాలను నెలకొల్పెను. పులికాటు, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణములందు వారి వర్తకము సాగెను. మన అద్దకపు బట్టలు, కలంకారీ చీటీగుడ్డలు ఓడలకెక్కి పోయెను. వారు వానిని సిత్స్ అనిరి. ఉత్తరమున ఫ్రీస్‌లాండు రాష్ట్రమున హిండలోపెన్ అను చిన్న రేవు గ్రామములో స్త్రీలు ఆ బట్టలనే తమ సంప్రదాయ వేషముగా గావించుకొనిరి. ఆ రాష్ట్రపు ముఖ్యపట్టణమగు లేవార్డెన్ ప్రదర్శనశాలలో మన తీరపు నేతయు, అద్దకమును భద్రముగా నున్నవి. ఆ వర్తకమున వెలుగుతోపాటు చీకటియు కలదు. కరవు కాలములందు ఈ తీరమున బీదలను బానిసలుగా కొని తూర్పు దీవులకు ఓడలలో పంపినవారును ఆ కంపెనీవారే. 1825 నాటికి వారి స్థావరములు ఆంగ్లేయుల పాలయ్యెను.

ఇంతవరకు చెప్పినవి ఏ యాత్రికుడైనను చూచునవి. ఇక నీటికి సంబంధించిన ముఖ్యవిషయమునకు వచ్చెదను.

ఒక డచ్చి బాలుడు కట్టలోని రంధ్రమున వ్రేలు పెట్టి రాత్రియెల్ల కూర్చుండి దేశమును రక్షించెనను కథను మనలో పలువురు బాల్యమున వినియున్నారు. అది కట్టుకథ. 1865లో ఒక అమెరికా రచయిత్రి వ్రాసిన పుస్తకము వలన లోకమున వ్యాపించెను. నిజముగా జరిగినది ఇంకొకటి. 1953 జనవరి 31వ తేదీ రాత్రి ఉత్తర సముద్రమున పెనుగాలి లేచి, పోటునీటితో కలిసి ఉప్పెనయై వచ్చెను. నైరుతి దీవులలో కట్టలు వరుసగా తెగెను. 1,836 మంది మరణించిరి. తెల్లవారుజామున నీవర్‌కెర్క్ గ్రామము దగ్గర ఒక కట్టకు గండి పడెను. ఆ కట్ట వెనుక సముద్రమట్టమునకు మిక్కిలి దిగువనున్న నేలయందు ముప్పది లక్షల మంది నివసించుచుండిరి. ఆరీ ఎవెగ్రూన్ అను పడవవాడు తన సరుకు పడవను నడిపి ఆ గండికి అడ్డముగా దూర్చెను. నీటి ఒత్తిడికి పడవ తలుపువలె గండికి అతుకుకొనెను. తరువాత జనులు ఇసుక సంచులతో దానిని పూడ్చిరి. పిల్లవాని వ్రేలితో కట్ట నిలువదు. పనియెరిగిన మనిషియు, ఒక పడవయు, చేయి కలిపిన ఊరును కావలయును.

మరియొక సంగతి వినదగినది. కట్టలు ఎత్తు చాలవని యోహాన్ వాన్ వేన్ అను ఇంజనీరు ఉప్పెనకు ఎన్నో ఏండ్ల ముందే లెక్కలు వేసి హెచ్చరించెను. యుద్ధమువలన పాడైన ఇండ్లను, వంతెనలను కట్టవలసియుండుటచే ధనము చాలదని ఆ పని వాయిదా పడుచు వచ్చెను. వాయిదాకు చెల్లించిన మూల్యము ఆ 1,836 ప్రాణములు. ఔవర్‌కెర్క్ గ్రామమున కడపటి గండిని 1953 నవంబరులో పెద్ద సిమెంటు పెట్టెలను దింపి మూసిరి. ఆ పెట్టెలలోనే నేడు ఉప్పెన స్మారక ప్రదర్శనశాల నడుచుచున్నది. మృతుల సంఖ్యను అచ్చట 1835+1 అని చూపిరి. ఆ కూడిన ఒకటి ఆ రాత్రియే పుట్టి, ఏ దస్తరములోను పేరు చేరకమునుపే నీటిపాలైన పసికందు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన వారెవ్వరును ఆ శాలలో కన్నీరు పెట్టక తిరుగలేరు. మన వైపున ఎన్ని పేర్లు ఏ లెక్కలోను చేరకపోయెనో తలంచికొంటిని.

ఆ ఉప్పెన పిమ్మట వారు డెల్టా పనులు అను మహాకార్యమును ప్రారంభించి 1997 వరకు కొనసాగించిరి. రాటర్‌డాము రేవు నోట రెండు ఉక్కు తలుపులను కట్టిరి. ఒక్కొక్క తలుపు పొడవు 210 మీటర్లు. ఉప్పెన వచ్చునపుడు అవి తమంత తామే మూసికొనును. 2007లోను, 2023లోను తుపానుల సమయమున అవి మూసికొని నగరమును కాచినవి. తూర్పు షెల్టు అఖాతమునకు మొదట పూర్తిగా అడ్డకట్ట వేయ దలచిరి. అట్లైన ఉప్పునీటి చేపలును, ఆల్చిప్పలును నశించునని జాలరులు, ప్రకృతి ప్రియులు ఆక్షేపించిరి. ప్రభుత్వము వారి మాట విని పన్నాగమును మార్చెను. 62 ఉక్కు తలుపులతో, సాధారణముగా తెరచియుండి ఉప్పెన వేళ మాత్రము మూయు కట్టను 1986లో ముగించిరి. ఖర్చు మిక్కిలి పెరిగెను. జాలరుల జీవనము నిలిచెను.

ఇంత చేసియు వారు నీటిని గెలిచితిమని చెప్పుకొనరు. బురదనేలనుండి నీరు తోడిన కొలది నేల ఎండి క్రుంగును. క్రుంగిన కొలది మరల తోడవలయును. ఈ చిక్కు వారిని ఏండ్లతరబడి వెంటాడుచున్నది. సముద్రమట్టమును పెరుగుచున్నది. 1995లో నదుల వరద భయముచే రెండున్నర లక్షల మందిని ఇండ్లు వదలించి తరలింపవలసి వచ్చెను. అప్పటినుండి కట్టలను పెంచుట ఒక్కటియే చాలదని గ్రహించి, నదికి చోటు విడుచుట మొదలిడిరి. బ్రబంట్ రాష్ట్రమున ఓవర్‌డీప్స్ అను పోల్డరు కలదు. వరద వచ్చినపుడు నదిని ఆ పొలములలోనికి విడువవలెనని ప్రభుత్వము నిశ్చయింపగా, అచ్చటి రైతులు ఊరకుండలేదు, గొడవకును దిగలేదు. తామే కూర్చుండి ఒక ఉపాయమును పన్నిరి. కట్ట ప్రక్కన ఎనిమిది ఎత్తయిన దిబ్బలను పోసి, వానిపై ఇండ్లను, పశువుల కొట్టములను కట్టుకొందుము. వరద వచ్చిననాడు పొలము నదికి, దిబ్బ మాకు అనిరి. ప్రభుత్వము సమ్మతించెను. కొందరు రైతులు పరిహారము గైకొని ఆ చోటు వదలిపోయిరి. పని 2015లో ముగిసెను. ఆ దిబ్బలను బండి దారి వెంబడి చూడవచ్చును.

ఈ పనులన్నిటికిని మూలము వారి నీటి సంఘములు. పూర్వము ప్రతి రైతునకును కట్టలో కొంత భాగము వంతుగా నుండెడిది. దానిని కాపాడలేనివాడు తన పారను కట్టపై గ్రుచ్చి భూమిని వదలి పోవలయును. ఆ పారను పెరికినవాడు భూమికిని, కట్ట బాధ్యతకును వారసుడగును. ఈ కఠిన నియమమునుండియే సంఘములు పెరిగినవి. రైన్‌లాండ్ నీటి సంఘమునకు 1255 నాటి అధికారపత్రము కలదు. మన ఓరుగల్లున రాణి రుద్రమదేవి కాలమునకు సమీపమగు నాటి సంఘము నేటికిని పనిచేయుచున్నదన్నమాట. ఇప్పుడు దేశమున 21 సంఘములు కలవు. వానికి నాలుగేండ్లకొక పర్యాయము ఎన్నికలు జరుగును. తమ పన్నును తామే విధించి తామే ఖర్చుపెట్టుదురు. మన రాష్ట్రమున 1997లో చేసిన చట్టమువలన నీటి సంఘములు ఏర్పడినవి. వానిలో పనిచేసిన పెద్దలు అచ్చటికి పోయినపుడు ఆ కార్యాలయములను చూడవలయునని నా ప్రత్యేక మనవి.

ఇక ప్రయాణపు జాగ్రత్తలు. షెంగెన్ వీసా కావలయును. ఆ వీసాతో 180 దినములలో 90 దినములకు మించి ఉండరాదు. కనీసము 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నిత్యము వాడు మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో నుంచుకొనుడు. మన గడియారమునకు వారి గడియారము చలికాలమున నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక. జూనులో రాత్రి పది గంటలకు గాని ప్రొద్దు క్రుంకదు. డిసెంబరులో సాయంకాలము నాలుగున్నరకే చీకటి పడును. వాన చిన్నదైనను గాలి పెద్దది. గొడుగు విరుగును, తలకప్పు గల వానకోటు నిలుచును. కొళాయి నీరు నిర్భయముగా త్రాగవచ్చును. రైలునకును, ట్రామునకును ఎక్కునపుడును దిగునపుడును బ్యాంకి కార్డును యంత్రమునకు చూపవలయును. దిగునపుడు మరచినచో అధికముగా సొమ్ము కోతపడును.

అన్నిటికంటె ముఖ్యము సైకిళ్ల దారి. ఆ దేశమున మనుష్యులకంటె సైకిళ్లు అధికము. మంత్రులు మొదలు బడిపిల్లల వరకు సైకిలెక్కుదురు. ఎఱ్ఱని రంగు వేసిన బాట వారిది. ఆ బాటపై నిలిచి మాటలాడుట మన రైలు పట్టాలపై నిలుచుటవంటిది. శాకాహారులు భయపడనక్కరలేదు. పగటిపూట వారు రొట్టెయు, జున్నుముక్కయు తిని ఊరకుందురు. కాని హేగు మొదలగు నగరములందు సురినాము దేశమునుండి వచ్చిన హిందువుల భోజనశాలలు కలవు. 1873 మొదలు ఉత్తర హిందూదేశమునుండి చెరకు తోటల కూలికి సురినామునకు పోయినవారి సంతతి వారు. 1975లో సురినాము స్వతంత్రమైన కాలమున వేలకొలదిగా నెదర్లాండ్సునకు వచ్చిరి. వారి రొట్టెయు, బంగాళాదుంప కూరయు, చిక్కుడుకాయ వేపుడును మన నోటికి హితవుగా నుండును. డచ్చివారు మాటను దాచక సూటిగా చెప్పుదురు. దానిని అమర్యాదగా తలంపరాదు. చెప్పిన గంటకు రావలయును. రాలేనిచో ముందుగా తెలుపవలయును.

కడపట ఒక్క సంగతి. శరత్కాలమున పోవువారు పల్లెలలో పొలముల నడుమ మురుగు కాలువలను గమనింపుడు. ప్రతి భూస్వామియు తన పొలము ప్రక్కనున్న కాలువలో నాచు, తుంగ తీసి శుభ్రము చేయవలయును. నిర్ణీతమైన దినములలో నీటి సంఘపు తనిఖీదారు కాలువల వెంబడి నడచి చూచును. శుభ్రము చేయనివాని కాలువను సంఘమే చేయించి, ఖర్చును వానినుండి రాబట్టును. పెద్దవాడు, చిన్నవాడు అను భేదము లేదు. మన డెల్టాలలో సాగుకాలువ పారుదలకై పోట్లాడువారమే గాని, మురుగుకాలువ ఎవరిదని అడిగినచో పొరుగువానిని చూపుచుందుము. వానకాలమున వరి మునిగినపుడు ఆ కాలువయే మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ తనిఖీదారుతో ఒక పూట నడచివచ్చిన మన పెద్దలు, తిరిగివచ్చి గ్రామ సభలో ఆ విషయమును వివరించినచో, వారి విమానపు ఖర్చు ఊరికి గిట్టుబాటైనట్లే.